నిర్ణయానికి ముందు విచారణ, నిర్ణయం తరువాత విచారణ

రేషన్ కార్డు రద్దు చేసే ముందు కార్డుదారు మాట వినడం ఒక పద్ధతి. ముందు రద్దు చేసి, అభ్యంతరముంటే దరఖాస్తు పెట్టుకొమ్మనడం రెండవది. రెండింటినీ సహజ న్యాయమనే, అంటే నష్టపోయేవారి మాట వినాలన్న సూత్రమనే, అంటారు గాని, రెండింటి విలువ ఒకటి కాదు.

మొదటి పద్ధతిలో కారణం తెలిపే నోటీసు, జవాబుకు తగిన గడువు, కారణాలతో కూడిన ఉత్తర్వు ఉంటాయి. ఇంగ్లండులో 1863 నాటి కూపర్ కేసులో, చట్టంలో విచారణ ప్రస్తావన లేకపోయినా, యజమాని మాట వినకుండా ఇల్లు కూల్చడం తప్పని న్యాయస్థానం తేల్చింది.

రెండవదానికీ చోటుంది: కల్తీ ఆహారం అమ్మకాన్ని ఆపడానికి గడువు ముగిసేదాకా ఆగలేము. పాస్‌పోర్టు స్వాధీనంపై వచ్చిన 1978 నాటి మేనకా గాంధీ తీర్పు కూడా అత్యవసరంలో తరువాతి విచారణను అంగీకరించింది. అయితే ఒకసారి నిర్ణయం జరిగాక దానిని నిలబెట్టే ధోరణే ఉంటుందని 1987లో షెఫర్డ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కార్డు రద్దులో అంతటి అత్యవసరం ఏముంటుందో నాకు తోచదు.

పాలమూరు నుంచి ముంబై, పుణేలకు వలసపోయిన కుటుంబానికి బియ్యం ఆగిన తరువాతే సంగతి తెలుస్తుంది. అప్పుడు కూలి వదులుకొని మక్తల్‌కో కోస్గికో వచ్చి, తాము అర్హులమేనని తామే రుజువు చేసుకోవాలి. తెలంగాణలో రద్దయిన కార్డులపై క్షేత్ర పరిశీలన జరపాలని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. అది రద్దుకు ముందే జరగవలసిన పని.

కనుక నేను మొదటి పద్ధతినే కోరుతాను. కాని తాళం వేసిన తలుపుకు నోటీసు అంటిస్తే అదీ వృథాయే. ఫోనుకు సమాచారం పంపి, పంచాయతీ కార్యాలయంలో కారణాలతో జాబితా పెట్టి, వలస వెళ్లినవారికి గడువు పొడిగించాలి.