కోణార్క్ గుర్రం కోసం బరంపురం కొట్టుకి

బరంపురంలో పాత నాణేలు, స్టాంపులు అమ్మే ఓ చిన్న కొట్టుంది. పేరు రాయను, ఎందుకో కింద చెప్తాను. పెద్దాయన తెలుగూ ఒడియా కలిపి మాట్లాడతారు. "ఏటి బాబూ, మన ఒడిశావి కావాలా?" అంటూ ఆల్బమ్ తీశారు.

అందులో 1949 ఆగస్టు 15న వచ్చిన స్టాంపుల వరుస ఉంది. అంతకుముందు మామూలు స్టాంపులంటే ఇంగ్లండు రాజు తలే. ఈ వరుసలో ఆ తల పోయి అజంతా, నటరాజు, సాంచి వచ్చాయి. కోణార్క్ గుర్రానిది ఆరు పైల స్టాంపు. పన్నెండు పైలు ఒక అణా, కాబట్టి ఇది అర్ధణా. గోటంత కాగితం మీద ఆ గుర్రం మెడ వంపు చూస్తే చెయ్యి వదలదు.

మింట్ (అంటే వాడనిది, వెనక జిగురు చెదరనిది) అని చెప్పి అరవై రూపాయలు తీసుకున్నారు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే జిగురు సగం లేదు, లైటుకి పట్టుకుంటే ఓ మూల పల్చగా ఉంది. తప్పు నాదీ ఉంది, అక్కడే తిప్పి చూడాల్సింది. మార్చమంటే నవ్వేసి ఊరుకున్నారు.

వాడినవి కొనడానికైతే వెళ్ళొచ్చు. ముద్ర పడినవి అయిదుకీ పదికీ ఇస్తారు. మింట్ కొంటే మాత్రం భూతద్దం తీసుకెళ్ళండి. ఆదివారం తెరవరు.