పెప్పెరో డేకి ఏది కొనాలి? క్లాసుకి న్యూడ్, స్టాఫ్‌రూముకి బాదం

కొరియాలో కొత్తగా టీచరుగా చేరినవాళ్లకి నవంబరు రాగానే కన్వీనియన్స్ స్టోర్ల ముందు గుట్టలుగా పేర్చిన పెప్పెరో అనే చాక్లెట్ పుల్లల పెట్టెలు కనిపిస్తాయి. 11వ తేదీ పెప్పెరో డే, అంటే ఇవి ఒకరికొకరు ఇచ్చుకునే రోజు. 11/11లో నాలుగు ఒకట్లు నాలుగు పుల్లల్లా కనిపిస్తాయి కదా, పండగంతా ఆ పోలిక మీదే నడుస్తుంది. పెప్పెరో లొట్టే కంపెనీ 1983లో తెచ్చిన చాక్లెట్ బిస్కెట్ పుల్ల. 'పెప్పె' అంటే బక్కపలచన.

ఒరిజినల్ రకం లావుపాటి అగరొత్తంత ఉంటుంది. పట్టుకోడానికి ఒక చివర పూత లేకుండా వదిలేస్తారు. పుల్ల కరకరలాడుతుంది గానీ చాక్లెట్ పూత పల్చన, పిల్లల వేళ్లకి ఇట్టే అంటుకుంటుంది. క్లాసులో పంచడానికి న్యూడ్ అనే రకం కొనండి. ఇందులో చాక్లెట్ అంతా బిస్కెట్ గొట్టం లోపలే ఉంటుంది కాబట్టి పుస్తకాలు పాడవవు. రుచిలో మాత్రం బాదం రకానిదే పైచేయి. వేయించిన బాదం పలుకులు పూతలో దట్టంగా అతుక్కుని ఉంటాయి, కొరికినప్పుడు చాక్లెట్ తీపిని ఆ కమ్మదనం సరిచేస్తుంది. కాకపోతే పలుకులు రాలతాయి, పైగా గింజల అలర్జీ ఉన్న పిల్లలుంటే అది క్లాసులోకి తేనేకూడదు. పెట్టె వెనక అలర్జీ వివరాలు విడిగా గడికట్టి ఉంటాయి. 'మిల్' అంటే గోధుమ, 'ఉయు' పాలు, 'తాంగ్‌కోంగ్' వేరుసెనగ.

2025 ఫిబ్రవరిలో పెట్టె ధర 1,800 వోన్ల నుంచి 2,000కి పెరిగింది. బొమ్మలూ రిబ్బన్లూ కట్టిన బుట్టల జోలికి పోకండి, డబ్బంతా అలంకరణకే పోతుంది. మామూలు పెట్టెల మీద ఒకటి కొంటే ఒకటి ఉచితమనే 'వన్ ప్లస్ వన్' ఉందేమో ముందు చూడండి. తెచ్చినవి హీటరు పక్కన పెట్టకండి. పూత కరిగి మళ్లీ గట్టిపడితే పైన తెల్లటి పొర తేలుతుంది. తినడానికి ఇబ్బందేమీ లేదు గానీ, ఇవ్వడానికి బాగోదు.

పిల్లలే మీకిస్తే? 2016 సెప్టెంబరు 28 నుంచి అమల్లో ఉన్న కిమ్ యంగ్ రాన్ చట్టం (కొరియా అవినీతి నిరోధక చట్టం) ప్రకారం మార్కులు వేసే టీచరు విద్యార్థి దగ్గర చిన్న కానుక కూడా తీసుకోకూడదు. నవ్వుతూ థాంక్స్ చెప్పి వెనక్కిచ్చేయండి. మీరు పిల్లలకిస్తే అడ్డేమీ లేదు. హాగ్వన్లకి, అంటే ప్రైవేటు కోచింగ్ సెంటర్లకి, ఈ చట్టం వర్తించదు. అక్కడ యాజమాన్యాన్ని అడగండి.

అదే రోజు కొరియా రైతుల దినం కూడా. చైనా లిపిలో పదికి, ఒకటికి వాడే గుర్తులు ఒకదాని మీద ఒకటి రాస్తే 'మట్టి' అనే అక్షరం అవుతుంది, అందుకే 11వ నెల 11వ తేదీ. ఆ రోజు కారెత్తోక్ కూడా తింటారు. ఇది బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి తీసిన తెల్లటి పొడుగాటి కడ్డీ. మా ఓటు దీనికే. వేడిగా ఉండగానే తేనెలో అద్దుకోవాలి, మర్నాటికి రాయిలా బిగుసుకుంటుంది. బంకగా సాగి గొంతుకి అడ్డం పడే తిండి కాబట్టి చిన్నపిల్లలకి సన్నటి ముక్కలుగా కోసి పెట్టండి.