వర్చువల్ మెషీన్‌లో గ్రాఫిక్స్: వర్టియో జీపీయూ, పాస్‌త్రూ పోలిక

లినక్స్‌లోని వర్చువలైజేషన్ సదుపాయమైన కేవీఎంతో నడిచే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో) విండోలు కదిలించినప్పుడల్లా తెర తడబడుతుంటే ముందుగా ప్రయత్నించవలసినది వర్టియో జీపీయూ అనే వర్చువల్ గ్రాఫిక్స్ కార్డు. ఇది గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపలి వ్యవస్థ) పంపే ఓపెన్‌జీఎల్ అనే త్రీడీ చిత్రణ ఆదేశాలను వర్జిల్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా హోస్ట్ (అసలు కంప్యూటర్) గ్రాఫిక్స్ కార్డుకు చేరవేస్తుంది కనుక, గెస్ట్ లినక్స్ అయితే రోజువారీ డెస్క్‌టాప్ పనికి చక్కగా సరిపోతుంది. విండోస్ గెస్ట్‌కు మాత్రం సాధారణంగా వాడే డ్రైవర్‌లో ఆ త్రీడీ వేగం దొరకదు.

రెండో మార్గమైన పాస్‌త్రూలో వీఎఫ్‌ఐఓ అనే లినక్స్ కెర్నెల్ భాగం ఒక గ్రాఫిక్స్ కార్డును పూర్తిగా గెస్ట్‌కే అప్పగిస్తుంది కాబట్టి, తయారీదారు డ్రైవరే నేరుగా నడిచి, ఆటలలోనూ త్రీడీ పనిలోనూ అసలు యంత్రానికి దగ్గరైన వేగం వస్తుంది. అయితే అందుకు ఐఓఎంఎంయూ (పరికరాలు మెమరీని వాడే తీరును నియంత్రించే హార్డ్‌వేర్) ఉన్న ప్రాసెసర్, మదర్‌బోర్డు కావాలి. హోస్ట్‌కు మరో కార్డు ఉంటేనే సుఖం.

మౌస్ బాణం ఒక్కటే దారి తప్పుతుంటే మాత్రం, ఈ రెండింటికీ ముందు వర్చువల్ మెషీన్‌కు యూఎస్‌బీ టాబ్లెట్ అనే వర్చువల్ పరికరాన్ని జతచేసి చూడాలని నా గట్టి సలహా. అది బాణం స్థానాన్ని నేరుగా తెలియజేస్తుంది.