పెళ్ళికూతురు ఎక్కడ? గ్రీకు పెళ్ళి పాత్రల్లో ఏది మేలు?

ప్రాచీన గ్రీకు కుండల మీద పెళ్ళి బొమ్మలు చూడాలంటే, తెలిసినవాళ్ళెవరైనా ముందు ఫ్లోరెన్స్ మ్యూజియంలోని ఫ్రాన్స్వా పాత్ర పేరే చెబుతారు. నిజంగానే గొప్ప పాత్ర అది. కానీ పెళ్ళి బొమ్మ అనగానే నా కళ్ళు పెళ్ళికూతురి కోసం వెతుకుతాయి. అలా వెతికితే మాత్రం వేరే పాత్ర ముందుకొస్తుంది.

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, సోఫిలోస్ అనే చిత్రకారుడి పాత్రతో మొదలుపెడదాం. సుమారు క్రీ.పూ. 580 నాటిది. మానవుడైన పీలియస్‌కూ, సముద్రదేవత థెటిస్‌కూ పెళ్ళి. దేవతలు బారులు తీరి వస్తున్నారు, పీలియస్ ఇంటి ముందు నిలబడి వాళ్ళను ఆహ్వానిస్తున్నాడు. వెనక తలుపులు మూసే ఉన్నాయి. పెళ్ళికూతురు మనకు కనపడదు.

ఓ పదేళ్ళకు వచ్చిన ఫ్రాన్స్వా పాత్ర మీదా అదే పెళ్ళి. ద్రాక్షసారాలో నీళ్ళు కలిపే ఈ పాత్రను ఎర్గోటిమోస్ చేస్తే, క్లైటియాస్ బొమ్మలు వేశాడు. ఎత్తు 66 సెంటీమీటర్లు, మనుషులూ జంతువులూ కలిపి సుమారు 270 బొమ్మలు. 1900లో మ్యూజియం కాపలాదారు ఒకడు విసిరిన స్టూలు తగిలి ఇది 638 ముక్కలైంది, ఓపిగ్గా అతికించారు. ఇందులో తలుపు కొంచెం తెరిచి ఉంది. లోపల కూర్చున్న థెటిస్ మేలిముసుగును చేత్తో పట్టుకుని ఉంది. ఇక పిడుల దగ్గరికి రండి. ఎయాస్ అనే వీరుడు అకిలీస్ శవాన్ని భుజాన మోస్తున్నాడు. అకిలీస్ ఎవరు? ఈ పెళ్ళి జంటకు పుట్టబోయే కొడుకు! తల్లి పెళ్ళిబట్టల్లో ఉన్న పాత్ర మీదే కొడుకు శవాన్నీ చిత్రించాడు క్లైటియాస్. పురాణం లోతు తెలియాలంటే దీన్ని మించింది లేదు. అయితే పెళ్ళి ఎలా జరిగేదో తెలుసుకోవాలంటే ఇది చాలదు.

అందుకు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని చిన్న నూనెబుడ్డి చూడాలి. ఎత్తు సుమారు 17 సెంటీమీటర్లు, కాలం సుమారు క్రీ.పూ. 550. వేసింది అమాసిస్ చిత్రకారుడని పిలవబడే ఏథెన్సువాడు. ఇక్కడ దేవతల రథాలు లేవు, గాడిదలు లాగే బండి ఉంది. వధూవరులు బండిలో ఉన్నారు, వెనక తోడు పెళ్ళికొడుకు, ఆ వెనక ఇంకో బండిలో నలుగురు పెళ్ళివారు. ఊరేగింపు వరుడి ఇంటికి చేరుతోంది. ఇంటి లోపల ఒకామె కాగడా పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆమె అత్తగారు. కాగడాను బట్టే ఇది రాత్రివేళ అని తెలుస్తుంది. కొత్త కోడలు తన ఇంటినీ ఆ వెలుగులోనే మొదటిసారి చూడబోతోంది. ఈ ఒక్క కాగడా కోసం ఫ్లోరెన్స్ పాత్ర మీది సగం దేవతలను వదులుకుంటాను.

అయినా ఒక్కటే చూడమంటే నా ఓటు ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలోని ఎపినెట్రాన్‌కే. ఉన్ని పనిచేసేటప్పుడు ఆడవాళ్ళు తొడ మీద, మోకాలి దాకా తొడుక్కునే మట్టి తొడుగు అది. ఎరెట్రియా చిత్రకారుడనే అతను సుమారు క్రీ.పూ. 425లో బొమ్మలు వేశాడు. ఒక పక్క పురాణాల్లోని ఆల్కెస్టిస్ అనే వధువు పెళ్ళి మంచానికి ఆనుకుని నిలబడి ఉంది. స్నేహితురాళ్ళు పెళ్ళి పాత్రల్లో రెమ్మలు సర్దుతున్నారు. వాటిలో వధువు స్నానానికి నీళ్ళు తెచ్చే పొడవాటి మెడ కుండ కూడా ఉంది. ఒకామె చేతి మీద చిన్న పిట్ట. ఇంత ప్రశాంతంగా నిలబడ్డ ఆల్కెస్టిస్సే తర్వాత భర్తకు బదులు తాను చావడానికి ఒప్పుకుంటుంది. ఆ కథ తెలిసి చూసినవాళ్ళకు ఆ మంచం, ఆ రెమ్మలు వేరేగా కనిపిస్తాయి. అదే వస్తువు మీద పీలియస్ థెటిస్‌ను బలవంతంగా పట్టుకునే బొమ్మా ఉంది. ఫ్రాన్స్వా పాత్ర మీద అతిథులు సంబరంగా వస్తున్న ఆ పెళ్ళికి ముందు ఏం జరిగిందో, ఆడవాళ్ళు వాడుకునే వస్తువే దాచకుండా చెప్పింది.

ఊరేగింపు ఇందులో లేదు, అది న్యూయార్క్‌లోనే. కానీ సోఫిలోస్ మూసిన తలుపు ఇక్కడ పూర్తిగా తెరుచుకుంది. లోపల పెళ్ళికూతురు ఒంటరిగా లేదు, తనవాళ్ళ మధ్య ఉంది.