ఊరూ పేరూ లేని ఓబీడీ రీడరు, మా ముసలి కరోలా, స్మాగ్ చెక్

కారు కంప్యూటర్లో ఉన్నది ఫోనులో చూపించే బ్లూటూత్ ఓబీడీ రీడర్ని స్టీరింగ్ కింద ఎక్కడ గుచ్చాలి, ఏ యాప్ వేసుకోవాలి అన్నవి నేను చెప్పక్కర్లేదు, బోలెడు వీడియోలున్నాయి. నేను కొన్నది ఊరూ పేరూ లేని చవక రకం. కొన్నేళ్ళుగా వాడుతున్నాను. అందులో నేను పనిగట్టుకుని తెరిచేది ఒకే ఒక్క పేజీ: రెడీనెస్, అంటే కారు కంప్యూటర్ తన సొంత పరీక్షల్లో ఏవేవి పూర్తి చేసిందో చూపించేది. మిగతా డయల్సూ గ్రాఫులూ తీసేసినా నాకు బెంగలేదు.

ఆ పేజీ మీద అంత ప్రేమ ఎందుకో చెప్తాను. మేముండేది ఫ్రీమాంట్‌లో, బండి 2005 కరోలా. కాలిఫోర్నియాలో ఇంత పాత కారుకి రెండేళ్ళకోసారి స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) తప్పదు. 1976 నుంచి 1999 దాకా వచ్చిన కార్లనైతే మా వైపు ఇప్పటికీ రోలర్ల మీదకెక్కించి, 15, 25 మైళ్ళ వేగంతో తిప్పి పొగ కొలుస్తారు. 2000 నుంచి వచ్చినవాటికి ఆ తతంగం లేదు. బానెట్ ఎత్తి ఓసారి పరకాయించి, వైరు తగిలించి, కారు కంప్యూటర్నే అడిగి తెలుసుకుంటారు.

డీఎమ్‌వీ (ఇక్కడి ఆర్టీఓ లాంటిది) నుంచి స్మాగ్ చెక్ నోటీసు వచ్చిన రోజుల్లోనే మా బ్యాటరీ పోయింది. షాపులో కొత్తది వేశారు. స్మాగ్‌కి వెళ్ళాలి, దీనివల్ల ఏమైనా తేడా వస్తుందా అని అడిగాను. కౌంటర్ దగ్గరున్నాయన డాష్‌బోర్డు కేసి చూసి, చెక్ ఇంజన్ లైటు లేదుగా, హాయిగా వెళ్ళి రండి అన్నాడు. వెళ్ళాం. ఫెయిల్! పొగ ఎక్కువై కాదు, కంప్యూటర్ దగ్గర చెప్పడానికి ఏమీ లేక. పైగా ఫెయిలైనా పరీక్ష డబ్బులు కట్టాల్సిందే. పాసైతే కట్టే 8.25 డాలర్ల సర్టిఫికెట్ రుసుము ఒక్కటే మనకి మిగులుతుంది.

జరిగిందేమిటంటే, బ్యాటరీ తీసినప్పుడు కంప్యూటర్ అప్పటిదాకా చేసుకున్న సొంత పరీక్షల ఫలితాలన్నీ చెరిగిపోయాయి. పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సార్లు, వాటి హీటర్లు, పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా పట్టే ఇవాప్, వీటన్నిటినీ అది మళ్ళీ మొదటినుంచీ చూసుకోవాలి. 2000 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకి ఇవాప్ ఒక్కటి మిగిలున్నా ఊరుకుంటారు, తక్కినవన్నీ పూర్తవ్వాలి. కంప్యూటర్లో నమోదైన లోపం కోడు చెరిపి, లైటు ఆర్పేసి పరీక్షకి తెచ్చేవాళ్ళని పట్టుకోవడానికి పెట్టిన నిబంధన ఇది. సబబే. కాకపోతే బ్యాటరీ మార్చినవాణ్ణీ, కోడు చెరిపినవాణ్ణీ ఒకే గాటన కడుతుంది.

రీడరు కొన్నది అప్పుడే. హీటర్లూ సెన్సార్లూ పెద్దగా ఏడిపించకుండానే అయిపోయాయి. కాటలిటిక్ కన్వర్టర్ దగ్గర మాత్రం బండి మొండికేసింది. ఇంజన్ బాగా వేడెక్కాక 40 నుంచి 55 మైళ్ళ మధ్య, నిలకడగా కొన్ని నిమిషాలు నడిస్తేగానీ ఆ పరీక్ష మొదలవ్వదు. నా ఆఫీసు దారి 880 ఫ్రీవే. దానిమీద ఉంటే పాకుడు, లేకపోతే అందరూ 70కి పైన. మధ్యస్థం అన్నది ఆ రోడ్డుకి తెలీదు.

చివరికి ఓ ఆదివారం పొద్దున్నే లివర్‌మోర్ గుడికి బయల్దేరాం, ఫ్రీవే కాకుండా నైల్స్ కేనియన్ మీదుగా. నా ఫోను మా ఆవిడ చేతిలో ఉంది. వెళ్ళేటప్పుడు ముందు సైకిళ్ళవాళ్ళు, మలుపులు, వేగం నిలవలేదు. లివర్‌మోర్ దగ్గర పడ్డాక కూడా "ఇంకా ఎర్రగానే ఉందండీ" అంటోంది. దర్శనం, పులిహోర అయ్యి తిరుగు ప్రయాణంలో సునోల్ ఇంకా రాకముందే "ఆకుపచ్చైంది!" అని కేకేసింది. స్వామి కార్యం, స్వకార్యం రెండూ అయ్యాయి. ఇవాప్ మాత్రం పూర్తవ్వలేదు. ట్యాంకు నిండుగా ఉన్నా, అడుగంటినా అది జరగదు, బండి గంటలకొద్దీ కదలకుండా చల్లారి కూడా ఉండాలి. అదొక్కటీ అలా మిగిలుండగానే స్టేషన్‌కి వెళ్ళి పాసై వచ్చాం. అప్పట్నుంచీ స్మాగ్‌కి వెళ్ళే ముందు ఇంట్లోనే ఆ పేజీ చూసుకుని గానీ కదలడం లేదు.

ఆ పేజీతోనూ తంటాలున్నాయి. నా యాప్‌లో అలాంటి జాబితాలు రెండున్నాయి: కోడ్లు చెరిపినప్పట్నుంచి ఒకటి, ఈసారి బండి తీసినప్పట్నుంచి ఇంకొకటి. రెండోది చూస్తే పొద్దున్నే గుండె గుభేలుమంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఇంకోటి, పరీక్ష రాశాడా లేదా అన్నదే ఆ పేజీ చెప్తుంది, అత్తెసరు మార్కులతో గట్టెక్కాడా అన్నది చెప్పదు. కన్వర్టర్ అరుగుతోందో లేదో దాన్నిబట్టి తేల్చుకోలేం. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు నా రీడరుకి అందవు. వారాల తరబడి కారు ఆపి ఉంచేటట్టయితే దాన్ని గుచ్చి వదిలేయకండి, కొద్దికొద్దిగా బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. అది కాస్తా పడుకుంటే మళ్ళీ లివర్‌మోరే.

దీని రెండో ఉపయోగం ఇండియా వెళ్ళిపోతున్నవాళ్ళ దగ్గర కారు కొనే మన పిల్లలకి. ఇక్కడ స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవాళ్ళదే. అయినా కోడ్లు చెరిపాక ఇంజన్ ఎన్నిసార్లు వేడెక్కిందో రీడరు చూపిస్తుంది, ఆ అంకె మరీ చిన్నదైతే ఎందుకని అడగండి. 2010 నుంచి వచ్చిన కార్లలో రీడరుతో చెరిపినా పోని శాశ్వత కోడ్లుంటాయి, 2019 జులై నుంచి స్మాగ్‌లో వాటినీ చూస్తున్నారు.

స్మాగ్ చెక్ లేని రాష్ట్రంలో ఉన్నా, కారు కొత్తదైనా ఇది మీకు ఆటవస్తువే. 1996 నుంచి 1999 దాకా వచ్చిన బండైతే సగం పనే చేస్తుంది, ఎలాగూ పొగ కొలుస్తారు గనక. నాలాగా రోజూ ట్రాఫిక్‌లో పాకే పాత బండి ఉంటే మాత్రం కొనమనే అంటాను. నాది ఆండ్రాయిడ్ ఫోనుతోనే కలుస్తుంది, మా ఆవిడ ఐఫోనుతో కలవదు. ఇది పోయాక కాస్త ఎక్కువ పెట్టి రెండింటితో పనిచేసేది కొందామంటోంది. బహుశా అలాగే కొంటాం.