నట్లు, వాషర్లు ఏరే గాజు డిస్క్ యంత్రం: కడిగిన సరుకైతేనే సరైన చూపు

చర్లపల్లిలోని మా చిన్న యూనిట్‌లో నట్లు, వాషర్లు, పొట్టి బోల్టులు తయారవుతాయి. కొనుగోలుదారులు మొత్తం బ్యాచ్‌ను తిప్పిపంపడానికి తరచుగా కారణమయ్యేది కొలతల్లో తేడా కాదు, వేరే సైజు నట్టు ఒకటి పెట్టెలో కలిసిపోవడమో, మర పడని నట్టు ఒకటి దొర్లిపోవడమో. చేతితో ఏరే బల్ల దగ్గర ఇలాంటివి తప్పించుకుపోతూనే ఉన్నందువల్ల కెమెరాలతో తనిఖీ చేసే గాజు డిస్క్ యంత్రాన్ని తెప్పించాము. ఈ తరహా యంత్రాల నిర్మాణం దాదాపు ఒకటే కనుక తయారీదారు పేరు రాయడం లేదు.

ముక్కలను కంపనంతో కదిలించే గిన్నె (వైబ్రేటరీ బౌల్) నుంచి వరుసకట్టి వచ్చిన ముక్కలు తిరుగుతున్న గాజు డిస్క్ మీదికి ఎడంగా ఎక్కుతాయి. ఏ ముక్క ఎక్కడుందో, డిస్క్ ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ లెక్కపెడుతూ ఉండగా, పైనుంచి, గాజు కిందినుంచి, పక్కలనుంచి కెమెరాలు ఫొటో తీస్తాయి. చివర గాలి నాజిల్ ముక్కను తగిన డబ్బాలోకి ఊదుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇక్కడే ఉంది. మా యంత్రం చెడ్డదాన్ని ఊది పారేయదు, మంచిదని తేలినదాన్ని మాత్రమే మంచి డబ్బాలోకి ఊదుతుంది. కెమెరా తప్పినా, గాలి ఒత్తిడి పడిపోయినా, రెండు ముక్కలు అతుక్కుని వచ్చినా, అవి డిస్క్ చివరిదాకా వెళ్లి రిజెక్ట్ పెట్టెలోనే పడతాయి. కొన్ని చవక యంత్రాల్లో ఇది తలకిందులుగా ఉంటుంది; కొనేముందు కంప్రెసర్ ఆపించి సరుకు ఎటు పడుతోందో చూడటం మంచిది.

వేగం గురించి అమ్మేవారు చెప్పే అంకెలను కొంచెం లెక్కవేసి వినాలి. అడ్డంగా 2448 పిక్సెళ్లున్న కెమెరా సుమారు 24.5 మిల్లీమీటర్ల వెడల్పును చూస్తే, ఒక్కో పిక్సెల్ 0.01 మిల్లీమీటరుకు సమానం. డిస్క్ అంచు సెకనుకు 400 మిల్లీమీటర్లు కదులుతున్నప్పుడు లైటు 25 మైక్రోసెకన్లకు మించి వెలిగితే, ఆలోగా ముక్క 0.01 మిల్లీమీటరు దాటి కదిలిపోయి, ఆ ఒక్క పిక్సెల్ సూక్ష్మతా చెదిరిపోతుంది. కనుక కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లదన్న ప్రశ్నతో ఆగకుండా క్షణకాలమే మెరిసే స్ట్రోబ్ లైటు, పక్క కెమెరాకు దూరం మారినా సైజు మారకుండా చూపే టెలీసెంట్రిక్ లెన్స్ ఉన్నాయా అని కూడా అడగాలి. మామూలు లెన్స్‌లో ముక్క కాస్త ముందుకు జరిగితే పెద్దదిగా కనిపించి కొలత తప్పుతుంది.

అసలు చిక్కు నూనెతో వచ్చింది. డెమోలో పెట్టినవి తళతళలాడే శుభ్రమైన నట్లు. మా సరుకుకు కటింగ్ ఆయిల్ అంటుకుని ఉంటుంది. ఆ జిడ్డు గాజు మీద మరకలై, కింది కెమెరాకు పగుళ్లలా కనిపించి, నిక్షేపంలాంటి నట్లు కుప్పలుగా రిజెక్ట్ అయ్యాయి. ముందు కడిగి ఆరబెట్టే ఏర్పాటు చేసుకున్నాకే ఇది దారికొచ్చింది. కొటేషన్‌లో ఆ ఖర్చు ఊసే లేదు. జింక్ ప్లేటింగ్ మెరుపు రింగ్ లైటుకు తెల్లటి మచ్చలా తగులుతుంది, అక్కడ వెలుతురును అన్ని వైపులనుంచి మెత్తగా పరిచే డోమ్ లైటు తప్పనిసరి.

చూడలేనివీ ఉన్నాయి. పక్క కెమెరా చూసేది ముక్క నీడ ఆకారాన్నే; బోల్టు మర మీది దెబ్బ ఆ నీడ అంచున పడితేనే అది పట్టుకుంటుంది, కాబట్టి ఒక్క పక్క కెమెరాతో మర మొత్తం తనిఖీ అయినట్టు కాదు. హీట్ ట్రీట్‌మెంట్ (వేడిచేసి గట్టిపరచడం) తప్పిన ముక్క కెమెరాకు మంచిదానిలాగే కనిపిస్తుంది. దానికి లోహంలో సుడి విద్యుత్ పుట్టించి పరీక్షించే ఎడ్డీ కరెంట్ స్టేషన్ విడిగా తీసుకోవాలి. తల మీద నిలవని పొడవు బోల్టులకు గాజు డిస్క్ కాదు, గాడులున్న స్టీల్ డిస్క్ కావాలి.

కొన్ని సైజులనే భారీగా నడిపేవారికి ఈ యంత్రం నిస్సందేహంగా కొనదగినది. రోజూ సైజులు మారే జాబ్ వర్క్ వారికి మాత్రం బౌల్ పట్టాలు, గైడ్లు సర్దడంలోనే షిఫ్టులో చాలా భాగం పోతుంది. తీసుకునేవారు గీతలు పడితే మార్చడానికి ఒక గాజు డిస్క్‌ను అదనంగా ఆర్డర్‌లోనే రాయించుకోవాలి, ప్రతి షిఫ్టు మొదట్లో రంగు గుర్తులు వేసిన చెడ్డ నమూనాలను సరుకులో కలిపి, అన్నీ రిజెక్ట్ పెట్టెలోకి చేరాయో లేదో లెక్క చూసుకోవాలి.