దవడకి కాలి ఎముకా, ప్రింట్ చేసిన ఎముకా... ఏది మేలు?

మా బావ కావలి దగ్గర రొయ్యల గుంటలు చేస్తాడు. కింద దవడ వాస్తే పంటి వాపు అనుకోని దగ్గర్లోనే పన్ను పీకించుకున్నాడు, వాపు తగ్గలా, ఆర్నెల్ల తర్వాత చెన్నై తీసకపోయి స్కాన్, ముక్క పరీక్ష చేయిస్తే అమెలోబ్లాస్టోమా అనే దవడ గడ్డ అన్నారు. క్యాన్సర్ కాదు గానీ ఎముకని లోపల్నించి తినుకుంటా పోతుంది, ఉత్తినే గీకి తీసేస్తే మళ్ళీ మళ్ళీ వస్తుంది, అందుకని చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి ఎముక కూడా కలిపి కోసెయ్యాలి. అట్టా మొత్తం 8 సెంటీమీటర్ల దాకా పోతుందన్నారు. ఆ ఖాళీ దేంతో నింపాలనేదే రెండు వారాలుగా మా ఇంట్లో మాట.

డాక్టర్ కాలి ఎముక అన్నారు. మా అక్క ఏడుపు మొదలుపెట్టింది, కాలు కోస్తే ఆ గుంట కట్టల మీద బురదలో ఎట్టా తిరుగుతాడని. వాళ్ళబ్బాయేమో బయోప్రింటింగ్ వీడియోలు చూపించి, నాన్న కణాలతోనే దవడ ఎముక మిషన్‌లో ప్రింట్ చేస్తారంట మామా, ఇంకో ఏడాది ఆగుదాం అన్నాడు. అందుకే నేను కూర్చోని రెండూ చదివా, డాక్టర్‌ని కూడా విసిగించా.

వాడు చెప్పింది అబద్ధం కాదు. 2016లో అమెరికాలో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో ఆంథొనీ అటాలా టీమ్ మనిషి స్కాన్ చూసి ఆ కొలతకే దవడ ముక్కని బతికున్న కణాలతో ప్రింట్ చేశారు. కానీ దాన్ని ఏ మనిషికీ పెట్టలా. అదే పద్ధతిలో చేసిన చిన్న పుర్రె ముక్కని ఎలుకలకి పెట్టి చూస్తే 5 నెలలకి రక్తనాళాలతో సహా ఎముక కట్టింది. ఎలుక పుర్రెలో చిల్లు ఎంత, మా బావ దవడ ఎంత?

అసలు చిక్కు రక్తం దగ్గర ఉంది. కణానికి ఆక్సిజన్ అందాలంటే పక్కనే, అంటే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోపే, రక్తనాళం ఉండాలి. ప్రింట్ చేసిన ముక్కలో బయటి కణాలు బతుకుతాయి, నాళాలు లోపలికి పాక్కుంటా పోయేలోపు నడిమధ్యవి చచ్చిపోతాయి. ఇది మా బావకి చెప్తే ఒక్క నిమిషంలో అర్థమైంది, రాత్రి కరెంటు పోయి నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోతే గుంటలో ఏమవుద్దో ఆయనకి తెలుసు కదా.

కాలి ఎముకకి ఆ బాధ లేదు, ఎందుకంటే ఫిబులాని, అంటే మోకాలి కింద లావు ఎముక పక్కనుండే సన్న ఎముకని, దాని రక్తనాళంతో సహా తీసి, ఆ నాళాన్ని మెడలో నాళానికి మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్న దారంతో కుడతారు, కుట్టంగానే ఎముకలో రక్తం పారుతుంది. 1989లో న్యూయార్క్‌లో డేవిడ్ హిడాల్గో దవడకి ఇది చేసి చూపించారు, అప్పట్నుంచి పెద్ద దవడ ఖాళీలకి అందరూ ముందు చూసేది దీన్నే. 20 సెంటీమీటర్ల పైన ఎముక దొరుకుతుంది, దవడ వంపుకి తగ్గట్టు ముక్కలు కోసి ప్లేటుతో బిగిస్తారు, తర్వాత దాంట్లోనే పంటి ఇంప్లాంట్లు కూడా పెట్టొచ్చు.

మరి కాలు? ఒంటి బరువు ఎక్కువ భాగం మోసేది లావు ఎముక, ఫిబులా కాదు. చీలమండ దగ్గరా మోకాలి దగ్గరా కొంచెం వదిలేసి మధ్యది తీస్తారు కాబట్టి నడక పోదు. అట్టాగని ఏమీ ఉండదని కూడా కాదు, బొటనవేలు వంచడంలో బలం తగ్గొచ్చు, చీలమండ బిగిసినట్టుండొచ్చు, పరిగెత్తడం కష్టం కావచ్చు. ఆపరేషన్ కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుద్ది, మొదటి రెండు మూడు రోజులు నాళం మూసుకపోతుందేమోనని గంట గంటకీ చూస్తారు, మూసుకపోతే మళ్ళీ థియేటర్‌కే. బీడీ, షుగర్ ఉన్నోళ్ళకి ఈ భయం ఎక్కువ.

తుంటి ఎముక ముక్క పెట్టొచ్చు గానీ నాళం లేకుండా పెట్టేది 5, 6 సెంటీమీటర్ల లోపు ఖాళీకే బాగుంటుంది. ఉత్త టైటానియం ప్లేటు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ విరగొచ్చు, చర్మం చీల్చుకోని బయటికి రావచ్చు, వయసు మళ్ళి పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని వాళ్ళకైతే సరే.

స్కాఫోల్డ్‌లు, అంటే ఎముక పెరగడానికి ఊతంగా పెట్టే అచ్చులు, పనికిరావని నేననట్లా. పీసీఎల్ అనే నిదానంగా కరిగే ప్లాస్టిక్, కాల్షియం ఫాస్ఫేట్ కలిపి ప్రింట్ చేసిన అచ్చులు కణాలు లేకుండా చిన్న చిల్లులకి ఇప్పటికే వాడుతున్నారు. చిన్న ఖాళీ, చుట్టూ మంచి ఎముక, పైన మంచి చర్మం ఉంటే నేను కూడా అదే అడిగేవాణ్ణి, ఇంకో చోట కొయ్యక్కర్లేదు కాబట్టి. ఇంకోటి, స్కాఫోల్డ్‌తో పాటు ఎముక త్వరగా పెరగడానికి బీఎంపీ-2 అనే ప్రోటీన్ కలుపుతారు కొన్నిట్లో, గడ్డ తీసిన చోట అది వాడకూడదు. మాకు అక్కడే ఆ దారి ఇంకా ఇరుకైపోయింది.

ఏడాది ఆగుదామనేది మాత్రం ససేమిరా వద్దు. ఆ ఏడాదిలో గడ్డ ఆగదు, 8 సెంటీమీటర్లు 10 కూడా కావచ్చు. దానికి బదులు ప్రింటింగ్‌ని ఇప్పుడే ఇంకోరకంగా వాడుకోవచ్చు, స్కాన్ చూసి దవడ నమూనా, ఎక్కడ కొయ్యాలో చూపించే కోత గైడ్లు ప్రింట్ చేస్తే కాలి ఎముక ముక్కలు సరిగ్గా అతుకుతాయి, ఆపరేషన్ టైం కూడా తగ్గుద్ది. మీ ఇంట్లో ఎవరికన్నా ఇట్టాంటిదే వస్తే ఇది తప్పకుండా అడగండి, ఎన్టీఆర్ వైద్య సేవలో ఎంతవరకు వస్తుందో ఆరోగ్యమిత్రని ముందే కనుక్కోండి.

బావ బీడీ మానేసి పదకొండు రోజులైంది. కాళ్ళ నాళాల స్కాన్ సోమవారం. బండి గేరు ఎడం కాలితో వెయ్యాలి కాబట్టి కుడి కాలు తీసుకోమని అడిగాడు, నాళాలు చూసి చెప్తామన్నారు.